అభియోక్తపై అభియోగము

అబ్రహాం లింకన్ హత్యను గూర్చి విననివారు అరుదు. ఆ కుట్రదారులను ఉరికంబమెక్కించిన న్యాయవాది జోసెఫ్ హోల్ట్‌ను ఎరిగినవారు మాత్రం కొద్దిమందే. 1807లో కెంటకీ రాష్ట్రంలో జన్మించిన హోల్ట్ న్యాయవాదిగాను వక్తగాను పేరొందినాడు. అంతర్యుద్ధం వచ్చినప్పుడు సోదరుడు దక్షిణాది పక్షం వహించినా, తాను సమైక్యతను విడువలేదు. 1862 సెప్టెంబరులో లింకన్ అతనిని సైన్యానికి ప్రధాన న్యాయాధికారిగా నియమించినాడు.

దేశమే ప్రమాదంలో నున్నప్పుడు ద్రోహులను, వారు పౌరులైనను, సైనిక న్యాయసభలే విచారింపవలెనని హోల్ట్ విశ్వాసము. 1865 ఏప్రిల్‌లో లింకన్ హతుడైనప్పుడు ఆ విశ్వాసమే ఆచరణకు వచ్చినది. రాజధానిలో పౌర న్యాయస్థానాలు పనిచేస్తూనే వున్నా, ఎనమండుగురు ముద్దాయిలను తొమ్మండుగురు సైనికాధికారుల ఎదుట నిలిపినారు. అభియోగం నడపడమూ, తీర్పరులకు శాసనార్థం చెప్పడమూ రెండూ హోల్ట్ విధులే. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ను కూడ ఆ కుట్రలో చేర్చవలెనని అతడు నమ్ముకొన్న ఒక ముఖ్యసాక్షి, తరువాత 1867లో కూటసాక్షిగా శిక్షితుడైనాడు.

నలుగురికి మరణదండన పడినది. అందులో ఒకతె మేరీ సరాట్ అను వితంతువు. ఆమె స్త్రీత్వాన్ని, వయస్సును తలచి శిక్షను యావజ్జీవ కారాగారంగా తగ్గించవలసినదని తొమ్మండుగురిలో ఐదుగురు ఒక విజ్ఞప్తిపై సంతకాలు చేసినారు. జూలై 5న హోల్ట్ పత్రాలతో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వద్దకు వెళ్ళినాడు. జూలై 7న ఆమెను ఉరితీసినారు.

ఆ విజ్ఞప్తిని తనకు చూపనేలేదని జాన్సన్ అన్నాడు. చూపితినని హోల్ట్ అన్నాడు. 1873లో వాదం పత్రికలకెక్కినది. హోల్ట్ నాటి సహచరుల లేఖలు సేకరించి ప్రకటించినాడు; మంత్రివర్గ రహస్యాన్ని వెల్లడింపజాలనని జేమ్స్ స్పీడ్ మౌనం వహించినాడు. 1894లో మరణించేవరకు ఆ మచ్చ హోల్ట్‌ను వీడలేదు.

ఇంతలో 1866లోనే, మిల్లిగన్ వ్యాజ్యంలో, పౌర న్యాయస్థానాలు తెరచివున్న చోట పౌరులను సైనికసభలు విచారింపరాదని సుప్రీంకోర్టు తేల్చినది. మేరీ కుమారుడు జాన్ సరాట్‌ను 1867లో పౌర న్యాయస్థానం విచారించగా జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక, అతడు బయటపడినాడు.

హోల్ట్ దేశభక్తిని శంకింపనక్కరలేదు. అయితే జ్యూరీ దయకై చేసే సిఫారసును బహిరంగ న్యాయసభలో అందరూ వింటారు. అక్కడ ఎవరు చూపినారు, ఎవరు చూడలేదన్న వాదమే పుట్టదు. ఆలస్యహేతువని హోల్ట్ తోసిపుచ్చిన ఆ పద్ధతి ఒక్కటే అతని గౌరవాన్ని కూడ కాపాడగలిగి వుండెడిది.