సూరత్ పుకార్లు, పారిపోయినవాళ్లు

ప్లేగు వచ్చిన చోటికల్లా పుకారూ వచ్చింది. 1896 అక్టోబరులో బొంబాయి మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రి మీద పడ్డారు, లోపలికి తీసుకెళ్లినవాళ్లను చంపేస్తున్నారన్న భయంతో. మరుసటి ఏడాది పుణేలో ప్లేగు అధికారి రాండ్ హత్య జరిగింది. ఇదంతా తెలిసిన సంగతే.

1994 సెప్టెంబరు నాటి సూరత్ ప్లేగు దగ్గరికి వచ్చేసరికి కథ మరీ పలచబడుతుంది. తాగునీళ్లలో విషం కలిపారని వదంతి పుట్టిందట, జనం బెదిరి రైళ్లెక్కారట. సుమారు 15 లక్షల జనాభా ఉన్న నగరం నుంచి లక్షలమంది వెళ్లిపోయిన మాట నిజమే. తెలంగాణ పద్మశాలీలు పవర్‌లూమ్‌ల మీద బతికే ఊరది. పారిపోయినవాళ్లను వెర్రి గుంపుగా చూపడమే నాకు మింగుడుపడదు.

ఆ నెల మొదట్లో తాపీ వరదకు బస్తీలు మునిగాయి, చెత్త కుళ్లింది. ఊపిరితిత్తుల ప్లేగు మొదలవగానే ప్రైవేటు డాక్టర్లలో చాలామంది క్లినిక్‌లు మూసి వెళ్లిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. వైద్యుడే మూటాముల్లె సర్దుకున్నాక కూలీ రైలెక్కడానికి వేరే వదంతి కావాలా? అలాగని విషం పుకారు చేటు చేయలేదని కాదు. ఊపిరితో పాకే జబ్బుకు అది జనం చూపును కుళాయి వైపు తిప్పింది. నా అభ్యంతరం దాన్నే మూలకారణం చేయడం మీద.

అనుమానం బస్తీలకే పరిమితం కాలేదు కూడా. చనిపోయింది 50 మందికి పైగా. అది అసలు ప్లేగేనా, మెలియాయిడోసిస్ అనే వేరే జబ్బా అని నిపుణులే తగువులాడుకున్నారు. జీవాయుధం కథలూ పత్రికలకెక్కాయి. మన శ్రీకాకుళం బిడ్డ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షుడిగా ఉన్న కమిటీ ప్లేగేనని తేల్చినా గొణుగుడు ఆగలేదు. అప్పటి నమూనాల డీఎన్ఏను హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పరీక్షించి, అది ప్లేగు క్రిమేనని ప్రచురించింది 2000లో. ప్రయోగశాలకే ఆరేళ్లు పట్టిన జవాబును మగ్గం దగ్గరి మనిషి వారంలో తేల్చుకోలేదని నిందించాం. 1995లో సూరత్ మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించారు, మురుగు కదిలించారు. భయానికి ఖండన ప్రకటన కంటే అదే పెద్ద జవాబు.

నా వాదనకు లొంగనిది 2018. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన కట్టుకథ ఆ మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం తీసింది. అక్కడ తప్పు పుకారుదీ, చెయ్యెత్తిన గుంపుదీ.

కానీ ఇలాంటి హత్యలను చూపించి ప్రతి భయాన్నీ ఫేక్ న్యూస్ ఖాతాలో వేయడం ప్రభుత్వాలకు అలవాటైంది. కరోనా లాక్‌డౌన్ మూడు నెలలకు పైగా ఉంటుందన్న తప్పుడు వార్త వల్లే కూలీలు నడక పట్టారని 2020 మార్చి 31న కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. కోర్టూ ఒప్పుకుంది. కొద్ది వారాలేనని మొదలైన లాక్‌డౌన్ నాలుగు విడతలై మే 31 దాకా సాగింది. ఆ మధ్యలోనే, మే 9న, అదే సూరత్ దగ్గర, హజీరా ఫ్యాక్టరీల పక్కనున్న మోరాలో వలస కార్మికులు ఇళ్లకు పంపమంటూ రోడ్డెక్కారు. పని లేదు, ఊరికి దారి లేదు. ఆ రెండూ పుకార్లు కావు. పోలీసులు పదుల మందిని అదుపులోకి తీసుకున్నారు.