అరుగు మీద నుంచి కుర్చీ దాకా

తిరువూరు ప్రాంతంలో గడ్డం గీసే పనికి రెండు కాలాలున్నాయి. మేం ఆసాముల ఇళ్లకు వెళ్లిన కాలం ఒకటి, వాళ్లు మా కొట్టుకు రావడం మొదలైన కాలం ఒకటి. కత్తి మారింది, సబ్బు వచ్చింది, బ్లేడు వచ్చింది. నా లెక్కలో వాటన్నిటికన్నా పెద్ద మార్పు కుర్చీ. మా తాతయ్య జీవితమంతా ఊళ్లోని అరుగుల మీదే పనిచేశాడు. మా నాన్న బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు. నేను ఆ కొట్టులోనే పని నేర్చుకున్నాను.

తాతయ్య తోలు పొదిలో రెండు మడత కత్తులు, సానరాయి, తోలు పట్టీ, కత్తెర, గోళ్లు తీసే చిన్న ఉలి, ఇత్తడి గిన్నె, చేతి అద్దం, పటిక ముక్క ఉండేవి. ఒక కత్తి ఊరి కమ్మరి కొట్టింది. రెండోది బెజవాడలో కొన్న జర్మనీ కత్తి. ఆ దేశంలో జోలింగెన్ అనే ఊరు కత్తులకు ప్రసిద్ధి. అక్కడి సరుకు దేశదేశాలకూ వెళ్లేది. ఆ కత్తిని తాతయ్య పిల్లల్ని ముట్టనిచ్చేవాడు కాదు.

అప్పట్లో అరుగు మీద పనికి సబ్బు లేదు, బ్రష్షూ లేదు. గిన్నెలో నీళ్లు, తన వేళ్లు, అంతే. చెంపలూ గడ్డమూ తడిపి, వేళ్ల కొసలతో రుద్ది, మళ్లీ తడిపి మళ్లీ రుద్దేవాడు. వెంట్రుక నీళ్లు పీల్చుకుని ఉబ్బితే మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. ఆ ఓపిక లేనివాడి చేతిలో ఎంత మంచి కత్తయినా చర్మాన్ని గీరుతుంది. తర్వాత వచ్చిన సబ్బు నురగ చేసే పని కూడా ఇదే. నీటిని వెంట్రుక దగ్గర ఆరిపోకుండా పట్టి ఉంచుతుంది, కత్తి జారడానికి దారి ఇస్తుంది. బ్రష్షు పడుకున్న వెంట్రుకల్ని లేపి నిలబెడుతుంది.

కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో పట్టాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకను లాగుతుంది, మరీ నిలబెడితే కోస్తుంది. ఎడమచేతి బొటనవేలుతో చర్మం సాగదీసి, ముందు వెంట్రుక వాలిన వైపుకే గీయాలి. ఎదురు గీత తర్వాత. గొంతు కింద వెంట్రుక ఒక్కొక్కరికి ఒక్కో వైపు తిరుగుతుంది. దాన్ని కంటితో చూసి లాభం లేదు, వేలితో తడిమి తెలుసుకోవాలి. చివర తడి పటిక రాస్తే గీట్లలో నెత్తురు ఆగుతుంది.

ఈ పనికి డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. ఏడాదికోసారి కళ్లం దగ్గర ధాన్యం మేరగా కొలిచేవారు. ఆ మేరలోనే గడ్డాలు, క్రాపులు, పెళ్లికొడుకుని చేసేనాటి గోళ్లు, దినాల నాటి గుండ్లు అన్నీ కలిసిపోయేవి. మా వాళ్లు సన్నాయి, డోలు వాయించారు, పుండ్లకు కట్లు కట్టారు. మా ఆడవాళ్లు కాన్పులు చేశారు. కొన్ని ఊళ్లలో ఈ సేవకు ఇనాం భూములుండేవి. 1956లో వచ్చిన ఇనాముల రద్దు చట్టంతో ఆ ఏర్పాటు ముగిసింది.

రాజులు మెచ్చిన రోజులూ ఉన్నాయి. 16వ శతాబ్దంలో అళియ రామరాయలు కొండోజు అనే క్షురకుడి పనితనానికి సంతోషించి, మంగళ్ల మీద పన్నులు తీసేయించిన సంగతి విజయనగర శాసనాల్లో ఉంది. ఒక్కడి చేతి నేర్పు వృత్తిలో ఉన్నవాళ్లందరికీ మేలు చేసిన ఉదంతం అది. మా పిల్లలు బడిలో విజయనగరం పాఠం చదువుతున్నప్పుడల్లా నేను ఈ మాట తప్పకుండా చెబుతాను.

తిరువూరు సరిహద్దు ఊరు. ఇటు మద్రాసు రాజధాని, అటు కల్లూరు, పెనుబల్లి వైపు నిజాం రాజ్యం. ఆ ప్రాంతంలో మా చుట్టాలు వెట్టి చేశారు. దొర ఇంటికి పిలవగానే పోవాలి, కూలి అడగకూడదు. నిజాం ఫర్మానా కాగితం మీద వెట్టిని నిషేధించినా ఊళ్లలో అది సాగింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటం ఎదిరించిన వాటిలో ఈ వెట్టి ఒకటి. మేరకూ వెట్టికీ తేడా ఉంది. కానీ రెండిట్లోనూ పొది చంకన పెట్టుకుని నడిచినవాడు మా మనిషే.

ఇంకొక నిజం దాచకూడదు. తాతయ్య కత్తి ఊళ్లో అందరికీ పనిచేయలేదు. దళితవాడ వాళ్లకు గడ్డం గీయకూడదని ఊరి పెద్దల కట్టుబాటు. కాదంటే మేర ఆగిపోయేది. మా వాళ్లలో చాలామంది ఆ కట్టుబాటును తమదిగానే నమ్మారు. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955 చట్టం అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని నేరం చేసింది. అయినా అరుగుల మీద పాత పద్ధతే చాలాకాలం నడిచింది.

దాన్ని మా ఇంట్లో మార్చింది కొట్టు. విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారి తిరువూరు మీదుగా పోతుంది. లారీ డ్రైవర్లు, మామిడి వ్యాపారులు, యాత్రికులు, ఆఫీసు పనికి వచ్చినవాళ్లు దిగి కుర్చీలో కూర్చునేవారు. ఎవరిదే కులమో అడిగే వీలు లేదు, అడగాల్సిన పనీ లేదు. ఊళ్లో నాన్నను ఏరా అని పిలిచినవాళ్లు కూడా కొట్టుకొచ్చి వరసలో కూర్చున్నారు. చేతిలో డబ్బు పెట్టి వెళ్లారు. అన్ని ఊళ్లలోనూ ఇలా ఒక్కసారే జరగలేదు. జరిగిన చోట మాత్రం వెనక్కి పోలేదు.

ఆ కొట్టుకు పోటీ ఇళ్లలోంచే వచ్చింది. అమెరికాలో కింగ్ జిల్లెట్ కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లు. మరుసటి ఏడు 90 వేలు దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశపు సైనికులకు రేజర్లు పంచడంతో ఎవరి గడ్డం వాళ్లే గీసుకునే అలవాటు బలపడింది. మన దగ్గర టోపాజ్, పనామా, సెవనోక్లాక్ బ్లేడ్లు కిరాణా కొట్లకు చేరాక బడిపంతుళ్లూ గుమాస్తాలూ ఇంటి దగ్గరే కానిచ్చుకున్నారు. నాన్న క్రాపుల మీద నిలదొక్కుకున్నాడు.

మడత కత్తిని పూర్తిగా పక్కన పెట్టించింది భయం. 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ బయటపడింది. తర్వాత ఏళ్లలో ఒకే కత్తి పదిమందికి వాడటం ప్రమాదమని ఊరూరా ప్రచారం జరిగింది. బ్లేడును మధ్యకు విరిచి, సగం ముక్కను పట్టీలో బిగించే కత్తి వచ్చింది. కొత్త సగాన్ని మనిషి చూస్తుండగానే ఎక్కించడం మా నియమమైంది. సానరాయితో పని పోయింది, నానబెట్టే ఓపిక, చర్మం సాగదీసే బొటనవేలు మాత్రం పోలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి కొట్లు మూతపడ్డప్పుడు, ప్రభుత్వం చేదోడు పథకం కింద అర్హులైన కొట్లవాళ్లకు 10,000 రూపాయలు ఇచ్చింది. ఆ సాయం విలువ నాకు తెలుసు. దానితో పాటు ఇంకొకటి కావాలి. మన మ్యూజియాల్లో రాజుల కత్తులు, డాళ్లు అద్దాల వెనక భద్రంగా ఉన్నాయి. అక్కడే ఒక మంగలి పొదినీ పెట్టాలి, పక్కన ఏ పనిముట్టు దేనికో రాయాలి. మేర గురించీ వెట్టి గురించీ రాయాలి, ఆ కత్తి ఎవరికి నిరాకరించబడిందో కూడా రాయాలి. పొదులు ఇంకా కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి. వాటిని వాడిన చేతుల్లో కొన్ని ఇంకా మన మధ్యే ఉన్నాయి. అడిగి రాసుకోవలసింది ఇప్పుడే.