గుడ్డి దీపాల కథ

మన భాషలో "గుడ్డి దీపం" అని ఒక చక్కని పలుకుబడి ఉంది. వెలుగుతూనే ఉంటుంది, వెలుగివ్వదు. ఆరిపోయిన దీపాన్ని ఎవరైనా గుర్తిస్తారు. గుడ్డి దీపాన్ని గుర్తించడానికి మాత్రం పక్కన మంచి దీపం ఒకటి ఉండాలి. కారు ముందు దీపాల మీద వంద సంవత్సరాలుగా వాహన యజమానులు చేస్తూ వచ్చిన ఫిర్యాదుల చరిత్ర చదువుతూ ఉంటే నాకు పదే పదే ఈ మాటే స్ఫురించింది. బ్రేకు పడకపోతే అది లోపమని అందరూ ఒప్పుకుంటారు. దీపం చాలడం లేదంటే మాత్రం, "మీ కళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోండి" అనే సమాధానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ టపా ఆ ఫిర్యాదు గురించి.

మొదటి మోటారు కార్లకు గుర్రపు బగ్గీల నూనె దీపాలే దిక్కు. దారి చూడడానికన్నా, బండి వస్తోందని ఎదుటివాడికి తెలపడానికే అవి పనికివచ్చేవి. ఆ తరువాత వచ్చినవి ఎసిటిలిన్ దీపాలు. కాల్షియం కార్బైడు ముక్కల మీద నీటి బొట్లు పడితే పుట్టే వాయువును మండించడమే వాటి కిటుకు. మామిడికాయలు మగ్గబెట్టడానికి మన మండీలలో దొంగచాటుగా వాడే కార్బైడు ఇదే. తిరునాళ్ళలో మిఠాయి అంగళ్ళ ముందు ఘాటైన వాసనతో వెలిగిన కార్బైడు దీపాలు పాత తరం వారికి గుర్తుండే ఉంటాయి. అమెరికాలో ప్రెస్టోలైట్ అనే సంస్థ 1904 నుండి ఈ వాయువును సిలిండర్లలో నింపి కార్లకు అమ్మింది. దాని అధిపతులు కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్‌లు ఆ దీపాల వ్యాపారంలో గడించిన తరువాతే మరి ఇద్దరితో కలసి ఇండియానాపొలిస్ పందెపు మైదానాన్ని నిర్మించారు. వెలుగు బాగానే ఉండేది గాని, సిలిండర్లు నింపే కర్మాగారాలలో పేలుళ్ళు జరిగేవి.

1912లో కాడిలాక్ సంస్థ విద్యుత్ స్టార్టరును, దీపాలను ఒకే వ్యవస్థగా అమర్చిన కారును తెచ్చింది. అప్పటి నుండి కారు దీపం విద్యుద్దీపమే అయింది. దానితో పాటే రెండు కొత్త తగాదాలు కూడా పుట్టాయి.

మొదటిది కళ్ళు చెదరడం. దీపం బలమైనకొద్దీ వెనుక కూర్చున్నవాడికి దారి కనిపిస్తుంది, ఎదుట వచ్చేవాడికి కన్ను మూసుకుపోతుంది. అంటే ఈ దీపానికి యజమానులు ఇద్దరు. ఒకరు డబ్బిచ్చి కొన్నవారు, రెండోవారు ఎదురుపడినవారు. ఈ ఇద్దరి మధ్య రాజీయే ముందు దీపం చరిత్ర అంతా. 1925లో ఓస్రామ్ సంస్థ ఒకే బల్బులో రెండు తంతువులు పెట్టి, దూరానికొకటి, దగ్గరికొకటి అన్నది. డిప్పర్ స్విచ్చు అలా స్థిరపడింది. పాత అంబాసడర్ కారులో ఎడమ కాలితో నొక్కే ఆ గుండీని తొక్కినవారు మనలో ఇంకా ఉన్నారు. మన లారీల వెనుక అట్టహాసంగా రాసి ఉండే "రాత్రిపూట డిప్పర్ వాడండి" అన్న ఆంగ్ల వాక్యం ఈ రాజీపత్రానికి మనవారు వేసిన వేలిముద్ర.

రెండో తగాదా మసకబారడం. ఇది మరింత లోతైనది. ఎందుకంటే ఇక్కడ దోషి ఒక్కడు కాదు. తంతువు నుండి ఆవిరైన టంగ్‌స్టన్ బల్బు లోపలి గాజుకు అంటుకుని నల్లబడుతుంది. అద్దానికీ రిఫ్లెక్టరుకూ మధ్య సందులోంచి తేమ, దుమ్ము చేరి వెండిపూత మెరుగు పోతుంది. తీగల కొసల వద్ద తుప్పు పడుతుంది. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. తంతువు బల్బు వెలుగు, దానికందే వోల్టేజికి సరిసమానంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతంగా తగ్గుతుంది. 12 వోల్టులు అందవలసిన చోట 10.8 అందితే, అంటే పదోవంతు తగ్గితే, వెలుగులో దాదాపు 30 శాతం పోతుంది. అయిదోవంతు తగ్గితే వెలుగు సగానికన్నా దిగువకు పడిపోతుంది. సన్నని తీగ, అరిగిన స్విచ్చు, వదులైన ఎర్తు బిగింపు – ఈ మూడూ కలిస్తే కొత్త బల్బు కూడా గుడ్డిదే. యజమాని బల్బు మారుస్తాడు, వెలుగు రాదు. బల్బు కంపెనీని తిట్టుకుంటాడు, తీగ నవ్వుకుంటుంది.

బ్యాటరీ లేకుండా ఇంజను తిప్పే మాగ్నెటో నుండే వెలుగు తీసుకున్న మన పాత స్కూటర్ల సంగతి ఇంకా విచిత్రం. బండి నెమ్మదించగానే దీపం కునుకు తీసేది. గుంతల దారిలో, అంటే దీపం ఎక్కువగా కావలసిన చోటనే, నెమ్మదిగా పోవాలి; నెమ్మదిగా పోతే దీపం ఉండదు. అందుకే క్లచ్చు పట్టి, రెయిజు చేసి, ఆ వెలుగులో గుంత చూసుకుని దాటేవాళ్ళం. మరీ రెయిజు చేస్తే బల్బే ఎగిరిపోయేది. దీన్ని ఎవరూ లోపమని అనుకోలేదు, బండి స్వభావమనే అనుకున్నారు. ఫిర్యాదు చేయవచ్చునని తెలియకపోవడం కూడా చీకటిలో ఒక రకమే.

ఇంగ్లండులో ఈ అసంతృప్తి హాస్యంగా మారింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ లూకస్ సంస్థ బ్రిటిష్ కార్లకు విద్యుత్ పరికరాలు సరఫరా చేసేది. తమ దీపాలకు వారు సగర్వంగా పెట్టుకున్న పేరు "రహదారి రాజు". ఆ కార్లు కొన్నవారు లూకస్‌కు పెట్టిన పేరు మాత్రం "చీకటి రాకుమారుడు". స్విచ్చుకు మూడే స్థానాలట – ఆఫ్, మసక, మిణుకు. ఆ సంస్థే టీవీఎస్ వారితో కలసి 1961లో మద్రాసు పాడిలో లూకస్ టీవీఎస్‌ను నెలకొల్పింది. హాస్యాన్ని పక్కన పెడితే, తప్పంతా లూకస్‌దే అనడం న్యాయం కాదు. తక్కువ ఖర్చులో తీగలు కావాలన్నది కార్ల తయారీదారులే.

చీకటి ఖరీదు ఎంతో అందరికన్నా స్పష్టంగా లెక్క తేల్చింది యుద్ధం. 1939 సెప్టెంబరులో బ్రిటన్‌లో బ్లాకౌట్ విధించారు. శత్రు విమానాలకు కనబడకుండా వీధి దీపాలు ఆర్పేశారు, కార్ల దీపాలకు ముసుగులు తొడిగారు. 1938లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల మృతులు 6,648. 1941లో 9,169. పెట్రోలుకు రేషన్ ఉండి, కార్లు తగ్గిన రోజులలో ఈ పెరుగుదల! ఆ దేశ చరిత్రలో ఏ ఒక్క ఏడాదికైనా అదే అత్యధికం. దీపం తగ్గితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే ఈ రెండు అంకెలు చూపిస్తే చాలు.

అమెరికాలో ఈ మసకబారుడుకు ఒక మొరటు పరిష్కారం దొరికింది. 1940 మోడల్ కార్ల నుండి "సీల్డ్ బీమ్" దీపం వచ్చింది. బల్బు, రిఫ్లెక్టరు, అద్దం మూడూ కలిపి మూసివేసిన ఏడంగుళాల గుండ్రని గాజు దీపమది. దుమ్ము చేరదు, తేమ చేరదు. తంతువు తెగితే మొత్తం పీకి కొత్తది పెట్టడమే. ఏ ఊళ్ళోనైనా, ఏ కారుకైనా అదే దీపం. అందులో ఒక గొప్ప సుగుణం ఉంది: దీపం మార్చిన ప్రతిసారీ కొత్త అద్దం, కొత్త రిఫ్లెక్టరు వచ్చేవి. ముసలితనం దాని దరికి రాదు.

లోపమూ అందులోనే ఉంది. నియమం గడ్డకట్టిపోయింది. యూరప్‌లో 1962లో హాలోజెన్ బల్బు, 1971లో రెండు తంతువుల హెచ్4 వచ్చి దీపాలు మెరుగుపడుతుంటే, అమెరికా పాత గాజు దగ్గరే ఆగింది. 1968లో అమల్లోకి వచ్చిన 108వ సమాఖ్య ప్రమాణం దానినే కొనసాగించింది. అక్కడి కారు ప్రియులు సిబియే, హెల్లా వంటి యూరప్ దీపాలను తెప్పించి, నిబంధనకు విరుద్ధంగా బిగించుకునేవారు. అదీ ఒక ఫిర్యాదే. కాగితం మీద కాక రెంచితో చేసిన ఫిర్యాదు.

ఫోర్డు సంస్థ అడగగా 1983లో ప్రమాణం సడలింది. 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో బల్బు మాత్రమే మార్చుకునే దీపాలు అమెరికాకు వచ్చాయి. దీపం ఇక కారు ముఖానికి అలంకారమయింది. ఏ ఆకారంలోనైనా పోత పోయవచ్చు. గాజు పోయి పాలికార్బొనేట్ వచ్చింది. గాజుకన్నా తేలిక, రాయి తగిలినా పగలదు. కాని ఎండకు దాని పైపూత చెడి, పచ్చబడి, కంటికి శుక్లం కమ్మినట్లు కమ్ముకుంటుంది. సీల్డ్ బీమ్ వదిలించిన ముసలితనం వెనుక గుమ్మంలోంచి మళ్ళీ ఇంట్లోకి వచ్చిందన్నమాట. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2018లో ప్రకటించిన పరీక్షలలో, అలా మసకబారిన దీపాలు కొత్తవాటి వెలుగులో సుమారు 20 శాతమే ఇచ్చాయి. అయినా తయారీదారు దృష్టిలో ఇది లోపం కాదు, అరుగుదల. రుద్దించుకోవడం యజమాని బాధ్యత.

ఆ తరువాతి తరం దీపాలు మసకబారడంతో ఊరుకోలేదు. 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జెనాన్ దీపాలు వచ్చాయి. తంతువు లేదు, వాయువులో విద్యుచ్చాపం. దానిని నడపడానికి ఒక ఎలక్ట్రానిక్ పెట్టె. 2006-2009 నాటి టయోటా ప్రియస్ కార్ల యజమానులు అనేకులు ఒకే తీరులో చెప్పారు: రాత్రి ప్రయాణంలో దీపం ఉన్నట్టుండి ఆరిపోతోంది, స్విచ్చు ఆపి మళ్ళీ వేస్తే వస్తోంది. మెకానిక్ దగ్గరకు పోతే మాత్రం చక్కగా వెలుగుతుంది. బాగుచేయాలంటే ఖర్చు పాత బల్బుకు ఎన్నో రెట్లు. ఆ వ్యవహారం ప్రభుత్వ విచారణ వరకు, కోర్టు వరకు వెళ్ళింది. 2014లో జనరల్ మోటర్స్, బ్యూక్ లక్రాస్ వంటి పాత కార్లను వెనక్కి పిలిచింది. కారణం, దీపాలను నడిపే మాడ్యూల్ వేడెక్కి లో బీమ్ పోవడం. తీగను తడిమి చూసి కనుక్కోగలిగిన జబ్బు, ఇప్పుడు పెట్టెలో దాక్కుంది.

ఇక్కడ మన కథకు కీలకమైన ప్రశ్న వస్తుంది. దీపం ఆరిపోతే వెనక్కి పిలుస్తారు. చాలకపోతే? అమెరికా ప్రమాణం దీపాన్ని ప్రయోగశాలలో బల్ల మీద పెట్టి కొలుస్తుంది. కారుకు బిగించాక రోడ్డు మీద ఎంత దూరం కనిపిస్తుందో అడగదు. భీమా సంస్థల పరిశోధన కేంద్రం ఐఐహెచ్‌ఎస్ 2016లో ఆ పని చేసింది. 31 మధ్యతరహా కార్లను రాత్రిపూట ట్రాకు మీద నడిపి కొలిస్తే, "మంచి" అనిపించుకున్నది టయోటా ప్రియస్ వి ఒక్కటే. అదే ఏడాది 21 చిన్న ఎస్‌యూవీలను చూస్తే ఒక్కటీ లేదు. అవన్నీ చట్టం ప్రకారం ఉత్తీర్ణులే సుమా! అంటే దశాబ్దాలుగా "కనబడడం లేదు మహాప్రభో" అన్నవారి కళ్ళలో దోషం లేదు. అదే సంస్థ 2021లో మరో లెక్క చెప్పింది: మంచి దీపాలున్న కార్లు, నాసిరకం దీపాలున్న వాటికన్నా రాత్రిపూట ఒంటరి ప్రమాదాలలో సుమారు 19 శాతం తక్కువగా చిక్కుకున్నాయి.

దీనికి ఎదురుగా ఇంకో ఉదంతం. 2022లో జనరల్ మోటర్స్ సుమారు 7 లక్షల 40 వేల జీఎంసీ టెరైన్ బండ్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. వాటి దీపాల కాంతి ఒక పక్క కోణంలో అనుమతించిన దానికన్నా ఎక్కువగా చెదురుతోందని. చట్టం కన్ను ఎటు చూస్తుందో అటే పనిచేస్తుంది. కొలిచిన చోట మించిన వెలుగు దొరికిపోతుంది, కొలవని చోట చాలని వెలుగు తప్పించుకుంటుంది.

ఒక చిన్న గణితంతో ఈ విషయం ఎంత ప్రాణాంతకమో చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, అడ్డు చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద ఆగడానికి మొత్తం 45 మీటర్లు కావాలి. 100 కిలోమీటర్ల వేగంలో 100 మీటర్లకు దగ్గర. దీపం 50 మీటర్లే చూపిస్తే, రెండో డ్రైవరు తన చూపుకు అందని చోటికి పరుగెత్తుతున్నాడు. మన రహదారుల మీద ఆ చోట నల్ల గేదె ఉండవచ్చు, వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీ ఉండవచ్చు, పొలం నుండి ఇంటికి నడిచిపోతున్న మనిషి ఉండవచ్చు. ఆ మనిషి ఏ ఫిర్యాదూ చేయడు. ప్రమాద నివేదికలో "అతివేగం", "అజాగ్రత్త" అని ఉంటుంది. "దీపం చాలలేదు" అని రాయడానికి గడి ఉండదు. మర్నాడు పగటి వెలుగులో బండిని పరీక్షించేవారికి దీపాలు వెలుగుతూనే కనబడతాయి.

మన దేశంలో ఫిర్యాదు ఎక్కువగా రెండో యజమానిదే, అంటే ఎదుటివాడిది. హెడ్‌లైటు మధ్య నల్లచుక్క పెట్టించడం, పై సగానికి నల్లరంగు పూయించడం మన ఊళ్ళలో చాలాకాలం చూశాము. మసకబారిన దీపంతో విసిగిన యజమాని, హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో చవక ఎల్‌ఈడీ బల్బు దూర్చుతాడు. వెలుగు నాలుగు దిక్కులా చిందుతుంది, దారి మీద మాత్రం పడదు. ఒక గుడ్డి దీపానికి విరుగుడుగా ఎదుటివారిని గుడ్డివారిని చేయడమన్నమాట. ఎదుటి బండి మీద మాత్రమే వెలుగు తగ్గించి, మిగతా దారిని చూపే తెలివైన దీపాలు యూరప్‌లో ముందే వచ్చాయి. అమెరికా వాటిని 2022లో గాని అనుమతించలేదు. ఇద్దరు యజమానుల తగాదా అక్కడ తీరవచ్చు. కాని ఆ దీపంలో ఎలక్ట్రానిక్ పెట్టెలు మరిన్ని, చెడితే ఖర్చూ మరింత.

ఈ చరిత్రంతా చదివాక నాకు తోచినది ఇది. దీపం కింద చీకటి ఉండడం సహజమే, దీపం ముందు చీకటి ఉంటే అడగవలసిందే. రాత్రి బండి తీసేవారు ఎవరైనా సరే, ఒక గోడకు ఎదురుగా బండి నిలిపి రెండు దీపాల వెలుగూ ఒకే ఎత్తున, ఒకే తెలుపుతో పడుతోందో లేదో చూసుకోవచ్చు. అద్దం పచ్చబడితే రుద్దించవచ్చు. బల్బు మార్చే ముందు ఎర్తు తీగ బిగింపు చూడమని మెకానిక్‌కు చెప్పవచ్చు. ఇవన్నీ చేసినా దారి కనిపించకపోతే, లోపం మీ కళ్ళదని ఎవరైనా అన్నప్పుడు వెంటనే ఒప్పుకోవద్దు. కళ్ళు పరీక్ష చేయించుకోండి. ఆ చీటీతో పాటు ఫిర్యాదు కూడా ఇచ్చి రండి.