ఇంటికిని ఆసుపత్రికిని నడుమ



జ్వరము దిగిన దినముననే రోగికి పథ్యము మాన్పించు వైద్యుడు మనలో లేడు. దిగిన జ్వరము మరల రాకుండుటకే పథ్యము. ఈ మాట మనోవ్యాధికిని చెల్లునా? చెల్లినచో ఆ పథ్యకాలపు వ్యయమునకు అనుమతి నిచ్చువా రెవరు? ఈ విషయమై అమెరికా సంయుక్త రాష్ట్రములలో చిరకాలముగా నడచిన వివాదమును నేడు మీకు విన్నవించెదను.

పూర్వము అచ్చట తీవ్ర మనోరోగికి రెండే త్రోవలు: పెద్ద ఆసుపత్రి, లేదా ఇల్లు. 1946లో పొరుగుదేశమగు కెనడాలో, మాంట్రియల్ నగరమున, డాక్టరు ఈవెన్ కామెరాన్ 'పగటి ఆసుపత్రి'ని నెలకొల్పెను. రోగి ఉదయమున వచ్చి, చికిత్స పొంది, సాయంకాలమునకు ఇల్లు చేరును. నేను పంతులుగా నున్న కాలమున, జబ్బునుండి లేచిన పిల్లవానిని కొన్నాళ్లు ఒంటిపూట బడికి పంపుడని తల్లిదండ్రులకు చెప్పెడివాడను. ఇదియు నట్టిదే. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకము చేసిన శాసనమువలన మానసిక ఆరోగ్య కేంద్రము లేర్పడగా, వానికి విధించిన అయిదు ముఖ్య సేవలలో పగటి చికిత్స యొకటి.

పిమ్మట దానికి దిగువను మరియొక మెట్టు వెలసెను. నేడు ముఖ్యముగా వృద్ధులకైన 'మెడికేర్' అను ప్రభుత్వ బీమాలో, పగటి చికిత్సకు వారమునకు 20 గంటలును, దిగువ మెట్టునకు 9 గంటలును తక్కువ గాకుండ అవసరమని వైద్యుడు ధ్రువపరుపవలెను. దిగువ మెట్టునకు మెడికేర్ సొమ్ము 2024 జనవరి 1 నుండియే లభించుచున్నది.

ప్రైవేటు కంపెనీలలో సాధారణముగా ముందే అనుమతి గొనవలెను. ఆసుపత్రివారు రోగి లక్షణములను, ప్రాణభయము కలదో లేదో, మునుపటి చికిత్సలను, ఇంటి యాసరాను వ్రాసి పంపుదురు. కంపెనీ పరీక్షకుడు దానిని తన నిబంధనల పుస్తకముతో సరిచూచి కొన్ని దినములకే అనుమతి నిచ్చును. గడువు తీరగానే మరల పరీక్ష. కాదన్నచో వైద్యుడు కంపెనీ వైద్యునితో వాదింపవచ్చును, పిదప అప్పీలు, 2010 నాటి శాసనమువలన బయటి స్వతంత్ర పరీక్షకునికి విన్నవించుకొను హక్కును కలదు.

అనుమతి యడుగుట తప్పని నేననను. పదిమంది చెల్లించిన సొమ్ము గావున లెక్క చూడవలసినదే. కాని కొలబద్ద యెవరిది? మనోవ్యాధికి శరీరవ్యాధికంటె కఠినమైన నియమములు పెట్టరాదని 2008లో ఆ దేశమున శాసనమయ్యెను. శరీరవ్యాధికి ఇంటివద్ద చేయు చికిత్సను ఏ వర్గమున చేర్చుదురో, పగటి చికిత్సను ఆ వర్గముననే చేర్పవలెనని 2013 నాటి నియమములు విశదపరచెను.

అయినను చిక్కు తీరలేదు. యునైటెడ్ బిహేవియరల్ హెల్త్ అను కంపెనీవారి నిబంధనలు అప్పటి ఉద్రేకమునే చూచి, మూలవ్యాధిని విస్మరించుచున్నవని 2019లో సాన్‌ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున జడ్జి జోసెఫ్ స్పీరో తీర్పు చెప్పెను. అనగా జ్వరము దిగినది గనుక పథ్యమునకు సొమ్ము లేదనుట! సుమారు 50 వేల రోగుల వ్యవహారమది. పై న్యాయస్థానము తరువాత ఆ తీర్పులో పెక్కు భాగములను త్రోసివేసెను. ఐనను కాలిఫోర్నియా రాష్ట్రము 2020లో శాసనము చేసి, లాభాపేక్ష లేని వైద్యసంఘముల ప్రమాణములనే కంపెనీలు పాటింపవలెనని విధించెను. కొలుచువాడును చెల్లించువాడును ఒక్కడైనచో, కొలబద్ద యితరుల చేతి దగుట మంచిదని ఆ రాష్ట్రము తలచెను.

మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018లో అమలునకు వచ్చి, బీమాలో మనోవ్యాధిని శరీరవ్యాధితో సమముగా చూడవలెనని శాసించెను. కాని మన పాలసీలలో సాధారణముగా 24 గంటలు ఆసుపత్రిలో నుండినగాని సొమ్ము రాదు. కావున మీ యింట పాలసీ యున్నచో చదువుకొన్న బిడ్డచేత రెండు సంగతులు చూపించుకొనుడు: మనోవ్యాధి అందు చేరినదా? రాత్రి ఆసుపత్రిలో పరుండని చికిత్సకు సొమ్ము వచ్చునా? రోగము రాకముందే ఇది తెలిసికొనుట గృహస్థునకు క్షేమము.