వంత గొంతుల సాక్ష్యం

గూడ అంజయ్య ఎవరో తెలియని ఊళ్లో కూడా ‘ఊరు మనదిరా’ తెలుసు. పదహారు భాషల్లోకి వెళ్లిందని చెప్పుకునే ఆ పాట గద్దర్‌దే అనుకున్నవాళ్లు ఎందరో. దాన్ని కట్టినాయన ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం లింగాపురంలో 1955 నవంబర్ 1న ఒక దళిత కుటుంబంలో పుట్టి, ఫార్మసీ చదివి, ప్రభుత్వ ఫార్మసిస్టుగా కొలువు చేసిన మనిషి. సర్కారు దవాఖానా గతిని ఎత్తిపొడుస్తూ జనం నోట నిలిచిన పాట కూడా ఆయనదే; లోపలి సంగతి తెలిసినవాడు రాసిన పాట కాబట్టే అది అంత సూటిగా తగిలింది. ఈ వివరాలు లోకానికి మెల్లగా చేరాయి. చేర్చిందెవరంటే ఆయనతో తిరిగినవాళ్లు, కలిసి పాడినవాళ్లు. 2016 జూన్ 21న ఆయన కన్నుమూశాక కూడా ఆ పని సాగింది. తోటి కళాకారుల మాటలను మనం నివాళిగా విని, చప్పట్లు కొట్టి, ఇంటికి పోతాం. నా దృష్టిలో అవి నివాళి కన్నా ముందు సాక్ష్యం. నలుగురిలో పుట్టి నలుగురి గొంతుల్లో బతికే కళకు తోటివాళ్ల యాదే మొదటి ఆధారం, అచ్చయిన పాటల పుస్తకం ఆ తర్వాతది. ఉత్తర తెలంగాణ పాట చరిత్రను మనం తలకిందులుగా రాసుకుంటూ వచ్చాం.

బొగ్గు గనుల ఊరు బెల్లంపల్లిని చూస్తే ఇది తేటపడుతుంది. 1920ల చివర ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి బొగ్గు బాయి (గని) పనికి వచ్చినవాళ్లు తమ వెంట ఊరి పాటలను కూడా తెచ్చుకున్నారు. పల్లెలో పాటకు పొలముంది, పండుగుంది, సావుంది. బాయి మీద పొద్దు మూడు షిఫ్టులుగా తెగిపోయింది. ఫస్టు షిఫ్టు వాళ్లు పైకొచ్చే వేళకు సెకండ్ షిఫ్టు వాళ్లు దిగాలి. ఈ రెండు గుంపులూ మొకామొకం చూసుకునే కాసేపే గేట్ మీటింగుకు దొరికే సమయం. ఆ కాసేపట్లో జనాన్ని నిలబెట్టాలంటే ఉపన్యాసం చాలదు, పాట కావాలి. ఒక్కరోజు మెరుపు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నిబంధనకు ఎదురు తిరిగి 1981లో బొగ్గుగని కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఆ ఏడే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 1978 సెప్టెంబరులో, రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసీల మీద పోలీసు కాల్పులు. ఈ నేల మీద ఆ కొద్ది ఏళ్లలో ఎన్ని పాటలు పుట్టాయో, ఎన్ని మరుసటి వారానికే మారిపోయాయో కాగితం మీద వెతికితే దొరకదు. 1992లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్‌తో పాటు దాని అనుబంధ సంఘాల మీదా నిషేధం పడింది. ఇంట్లో పాటల పుస్తకం ఉండటమే అనుమానానికి చాలిన కాలంలో కార్మికుడు పాటను దాచుకోగలిగిన చోటు ఒక్క తలకాయే.

కాగితం దక్కిన చోట కూడా అది పట్టుకోలేనివి చాలా ఉన్నాయి. డప్పునే తీసుకుందాం. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగిస్తారు. ఆట మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి దాన్ని కాపుతారు. తోలు బిగిసి కంగుమనే దాకా వేలితో తట్టి చూస్తూనే ఉంటారు. కుడిచేత పొట్టిగా లావుగా ఉండే చిర్ర, ఎడమచేత సన్నటి పొడవాటి చిటికెన పుల్ల. చిర్ర దరువు వేస్తుంటే చిటికెన పుల్ల ఆ దరువుల సందులు నింపుతుంది. ముసురు పట్టిన రోజు తోలు మెత్తబడి గొంతు దిగిపోతుంది, నడుమ మళ్లీ కాపాలి. అంటే పాట ఎక్కడ ఆగాలో, ఏ చరణం దగ్గర పాటగాడు మాటల్లోకి దిగి జనంతో ముచ్చటపెట్టాలో కొంతమేర డప్పే తేలుస్తుంది. వంత పాడేవాళ్లదీ అంతే బరువైన పని. పల్లవి ఎత్తుకోవడం అర క్షణం ఆలస్యమైతే ఊపు జారిపోతుంది, తొందరపడితే మాట వినబడదు. ‘ఊరు మనదిరా’ను కాగితం మీద చదివితే కనిపించేది ప్రశ్నలూ జవాబులూ. దాన్ని నడిరోడ్డు మీద ఉరుముగా మార్చింది ఆ ప్రశ్నకూ జవాబుకూ నడుమ పడిన దరువు. ఆ దరువు ఎవరిది? ఏ పాటల పుస్తకమూ చెప్పదు.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. అమెరికాలో జాజ్ గిటార్ నడకనే మార్చిన చార్లీ క్రిస్టియన్ 1942 మార్చిలో పాతికేళ్లకే క్షయతో పోయాడు. బెన్నీ గుడ్‌మన్ బృందంతో ఆయన వాయించిన రికార్డులున్నాయి. కానీ అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డు పట్టేది మూడు నిమిషాలు, అందులో గిటారుకు దక్కేది కొన్ని క్షణాలు. అసలు ఆయన రాత్రి పొద్దుపోయాక హార్లెంలోని మింటన్స్ క్లబ్బులో తోటివాళ్లతో కూర్చుని వాయించేదాన్ని వినాలని వాళ్లంతా చెప్పేవారు. 1941లో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి తన రికార్డింగు యంత్రాన్ని అక్కడికి మోసుకుపోయి ఉండకపోతే ఆ మాటలు స్నేహితుల అతిశయోక్తిగానే మిగిలేవి. డిస్కులు బయటికొచ్చాక తేలింది, స్నేహితులు పెంచి చెప్పలేదని. క్రిస్టియన్‌ను ఓక్లహోమా సిటీలో చిన్ననాటి నుంచి ఎరిగిన రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ 1958లో ఆయన గురించి రాస్తూ, బడిలో ఆ పిల్లవాడు చుట్టల పెట్టెలతో గిటార్లు చేసుకున్న సంగతి చెప్పాడు. ఇది ఏ రికార్డు కంపెనీ జాబితాలోనూ ఉండే విషయం కాదు. ఇంకో గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ 1937 నుంచి 1987లో చనిపోయేదాకా కౌంట్ బేసీ బృందంలో లయ పట్టాడు. సోలో దాదాపు వాయించలేదు, చాలా రికార్డుల్లో ఆయన గిటారు వినీ వినబడనట్టే ఉంటుంది. అయినా ఆ బృందానికి ఆయన వెన్నెముక అని నిలబెట్టింది పక్కన కూర్చుని వాయించినవాళ్ల మాటే. మన డప్పు కళాకారుడిది గ్రీన్ స్థానం. ఆ స్థానాన్ని చెప్పగలిగే పక్కవాళ్లను మనం అడగలేదు.

జాజ్‌కూ జనం పాటకూ పోలికేమిటని అనేవాళ్లుంటారు. అక్కడ వాయిద్యకారుడు అప్పటికప్పుడు అల్లుతాడు, ఇక్కడ కవి రాసిన మాటలు స్థిరంగా ఉంటాయి గదా అని. ఉద్యమం పాట అట్లా స్థిరంగా ఎన్నడూ లేదు. ఊరు మారితే దొర పేరు మారుతుంది, గని మారితే మేనేజరు పేరు చేరుతుంది, నిన్న చనిపోయిన కార్మికుడి పేరు ఇవాళ్టి చరణంలోకి వస్తుంది. పాట ఆ పూట ఏ రూపంలో ఉందో చెప్పగలిగేది ఆ పూట పాడినవాళ్లే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. యాది మోసం చేస్తుంది. పోయినవాళ్ల మీద ప్రేమ కొద్దీ తోటివాళ్లు ఉన్నదానికి నాలుగు కలుపుతారు. నలభై ఏళ్ల తర్వాత తేదీలు కలగాపులగమవుతాయి. ఇది నిజమే, తోసిపుచ్చలేం. అయితే సంస్మరణల్లో రెండు రకాల మాటలుంటాయి. ‘అంతటి మనిషి లేడు’ అనేది ఒక రకం, దానితో చరిత్రకు పని లేదు. ‘ఆ పల్లవి మొదట మెల్లగా ఉండేది, డోలక్ వచ్చాక వేగం పెరిగింది’ అనే రకం రెండోది. రెండో రకంలో పొగడ్త లేదు, చెప్పేవాడికి లాభం లేదు, దాన్ని ఇంకొకరి మాటతో సరిచూడొచ్చు. ఇద్దరు పొసగకుండా చెబితే అదీ మంచిదే, పాట రెండు చోట్ల రెండు తీర్లుగా నడిచిందని తెలుస్తుంది. కాగితం మాత్రం అబద్ధమాడదా? పోలీసు రికార్డులో పాట నేరంగా నమోదవుతుంది, సంఘం కరపత్రంలో విజయంగా. పాట పాటగా కనబడేది ఈ వంత గొంతుల్లోనే.

మూడో మాట ఉద్యమం లోపలి నుంచే వస్తుంది. పాట జనానిది, పేర్లెందుకు అని. ఆ మాటలోని త్యాగాన్ని నేను గౌరవిస్తాను. కానీ పేరు చెరిగిపోయేది ఎవరిదో చూడాలి. ‘బండెనక బండి కట్టి’ని మా భూమి సినిమాలో గద్దర్ గొంతులో లక్షలమంది విన్నారు, రాసిన బండి యాదగిరిని తలచుకునేవాళ్లు తక్కువ. అంజయ్య పేరు నిలవడానికే దశాబ్దాలు పట్టింది. ఇక డప్పు కొట్టినాయన పేరు, చాలాసార్లు మాదిగ వాడ నుంచి వచ్చినాయన పేరు, అసలు మొదటి నుంచీ ఎవరూ రాసుకోలేదు. పేరు వదులుకోవడం త్యాగమయ్యేది పేరు ఉన్నవాళ్లకే. కులం వల్ల ఊరు ఎన్నడూ గౌరవంగా పిలవని మనిషి పేరును ఉద్యమ చరిత్ర కూడా విడిచిపెడితే దాన్ని సమష్టితత్వం అనడం నాకు ఒప్పుదల కాదు.

పైగా ఈ సాక్ష్యం చెదిరిపోతోంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు సగం కూడా లేరు. బెల్లంపల్లి చుట్టూ పాత బాయిలు చాలామటుకు మూతపడ్డాయి. రిటైరైనవాళ్లు కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఎవరి ఊరికి వాళ్లు, లేదా కొడుకులున్న పట్నానికి పోతున్నారు. ఒకే గేటు ముందు కలిసి పాడిన ఆరుగురు ఇవాళ ఆరు చోట్ల ఉంటారు, ఒకరి యాదిని ఇంకొకరు సరిదిద్దే వీలు పోయింది. వాళ్లను అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. డప్పు ఎవరు కాపేవారు? పల్లవి ఎవరు ముందెత్తుకునేవారు? ఏ చరణం ఎక్కడ వదిలేశారు, ఎందుకు? తట్టా చెమ్మస్ (పార) పట్టి ఎనిమిది గంటలు బొగ్గు నింపి పైకొచ్చిన మనిషికి పాడే ఓపిక ఎట్లా మిగిలింది? ఈ చివరి ప్రశ్నకు జవాబు బహుశా ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకదు, పక్కన నిలబడి వంత పాడినాయన దగ్గర తప్ప.