చిత్రకథ, గీతకర్త: ‘మల్లీశ్వరి’ పాటల్లో భావకవిత్వ పరిణామం

సినిమా పాటను కవి ప్రతిభకు న్యూనతగా పరిగణించే ధోరణి తెలుగు విమర్శలో కనిపిస్తుంది. సన్నివేశానికీ బాణీకీ లోబడిన రచన స్వతంత్ర కవిత్వం కాజాలదన్నది ఆ ధోరణికి మూలం. అయితే చిత్రకథ కవికి హద్దులు గీయడంతోపాటు కొత్త గొంతుకలను కూడా ప్రసాదించగలదు. ఇందుకు దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘మల్లీశ్వరి’ (1951) గీతాలు ప్రబల నిదర్శనం.

‘కృష్ణపక్షం’ (1925) నాటి కృష్ణశాస్త్రి కవిత్వంలో ‘నేను’ ప్రధానం. విరహం, స్వేచ్ఛాకాంక్ష, ప్రకృతితో తాదాత్మ్యం అన్నీ ఆ ఏకైక స్వరంలోనే వినిపిస్తాయి. బి.ఎన్. రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ నిర్మించిన ‘మల్లీశ్వరి’కి ఆయన మాటలు, పాటలు రాశారు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం సమకూర్చారు. బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యం’ కథకు ఒక ఆధారం. శ్రీకృష్ణదేవరాయల కాలపు పల్లెలో పెరిగిన బావామరదళ్లు నాగరాజు, మల్లీశ్వరి. రాణివాసపు పల్లకి మల్లిని తీసుకుపోవడంతో వారు విడిపోతారు.

ఈ కథ కవి ‘నేను’ను రెండు పాత్రల మధ్య పంచింది. భావకవికి చిరపరిచితమైన విరహానికి ఇక్కడ స్థలం, కారణం, ఎదుటి వ్యక్తి ఏర్పడ్డాయి. మేఘాన్ని సంబోధించే గీతమే ఇందుకు మంచి ఉదాహరణ. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడొక్కడే మాట్లాడతాడు, ఇక్కడ అంతఃపురంలోని మల్లి, వెలుపలి నాగరాజు ఇద్దరూ మేఘంతో మొరపెట్టుకుంటారు. ఏకముఖ సందేశం సంవాదమైంది. పాట రెండు దూరస్థలాలను తెరపై ఒక్కటి చేయవలసిరావడమే ఈ మార్పుకు హేతువు.

కథాకాలం ప్రక్రియావైవిధ్యాన్నీ కోరింది. ఎడ్లబండి ప్రయాణానికి పల్లెపదాల చురుకుదనం, రాజసభకు ‘ఉషాపరిణయం’ యక్షగానం అవసరమయ్యాయి. ఖండకావ్యానికి అలవాటుపడిన కవి దేశి రచనారీతుల వైపు మళ్లడానికి సన్నివేశమే ప్రేరణ అయింది.

శ్రీశ్రీ అనుభవం దీనికి భిన్నమైనది. ‘మహాప్రస్థానం’ గ్రంథరూపం దాల్చిన 1950లోనే ‘ఆహుతి’ విడుదలైంది. హిందీ చిత్రం ‘నీరా ఔర్ నందా’కు అనువాదమైన ఆ సినిమాకు ఆయన మాటలు, పాటలు రాశారు. కృష్ణశాస్త్రికి కథ ప్రేరకమైతే, శ్రీశ్రీకి తెరపై అప్పటికే కదులుతున్న పెదవులే కొలత అయ్యాయి. మాత్రలతోపాటు అక్షరోచ్చారణ కూడా అక్కడ నియమమైంది.

కనుక ‘సినిమా ప్రభావం’ అన్న ఒక్క మాటతో ఈ రెండింటినీ కలిపివేయడం సమంజసం కాదు. కథ, పాత్ర, దృశ్యం వేర్వేరు విధాలుగా రచనను నడిపిస్తాయి. చిత్రగీతాన్ని సన్నివేశం నుంచి విడదీసి కేవలం పద్యంలా చదివితే, కవి సాధించిన దానిలో సగం కనిపించకుండా పోతుంది. ‘మల్లీశ్వరి’లో భావకవిత్వం క్షీణించలేదు, తనలో తాను పలవరించే దశను దాటి, మరొకరి నోట పలికే విద్యను అభ్యసించింది.