టై మీద ముత్యం

స్కూలు యూనిఫాంలో భాగంగా మీలో చాలామంది టై కట్టుకునే ఉంటారు. గాలి వీస్తే అది ఎగిరి మొహానికి కొట్టుకోవడం, భోజనం దగ్గర వంగితే కంచంలో పడడం మీకు అనుభవమే. ఈ చిక్కు తప్పించడానికి వచ్చిన చిన్న లోహపు పట్టీయే టై క్లిప్. టైని, చొక్కాని కలిపి పట్టి ఉంచడమే దాని పని. ఆ పనికి మామూలు ఇత్తడి ముక్క చాలు. మరి పాతకాలపు టై క్లిప్పుల మీద నడిమధ్యన ఒక ముత్యం ఎందుకు పొదిగేవారు? రాజుల తలపాగాల మీద ఉండవలసిన ముత్యం గుమాస్తాల, మేష్టర్ల ఛాతీ మీదకు ఎలా వచ్చింది?

అలా రావడానికి రెండు అడ్డుగోడలు కూలవలసి వచ్చింది. ఒకటి, ఎవరు ఏమి ధరించవచ్చో శాసించే కట్టుబాటు. రెండోది, ముత్యం ధర. మొదటి గోడను కదిలించిన ఒక ముఖ్యమైన పోరాటం మన పొరుగున ఉన్న పుదుచ్చేరిలో జరిగింది. రెండో గోడ కూలింది సముద్రంలో, ఆల్చిప్పల మధ్య. ఈ రెండు కథలూ తెలుసుకుందాం.

పని చేసే నగ

నగలనగానే మనకు స్త్రీలే గుర్తుకు వస్తారు. కాని చరిత్రలో మగవాళ్ళు తక్కువేమీ పెట్టుకోలేదు. అయితే వారి నగల్లో చాలావాటికి ఒక ప్రత్యేకత ఉంది. అవి అలంకారంతోపాటు ఏదో ఒక పని కూడా చేసేవి. ముద్దుటుంగరం సంగతి చూడండి. 'ముద్ర ఉంగరం' అన్న మాటే అలా మారింది. ఉత్తరం మీద మైనానికో లక్కకో ఆ ఉంగరాన్ని అద్దితే అదే సంతకం. ఇక గండపెండేరం. పండితుడి కాలికి దాన్ని తొడిగితే ఆయన పాండిత్యానికి రాజముద్ర పడినట్లే.

పుదుచ్చేరికి కొద్ది కిలోమీటర్ల దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు అనే చోటు ఉంది. గ్రీకు నావికుడొకడు క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథంలో 'పొదుకె' అన్న రేవు పేరు కనిపిస్తుంది. అది ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని చూడడానికి వచ్చిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లె జెంటిల్ కూడా ఇక్కడి పాత గోడల గురించి రాశాడు. పాపం, 1769లో సరిగ్గా ఆ సమయానికి మబ్బు పట్టి ఆయనకు శుక్రుడు మాత్రం కనబడలేదు!

1937లో జూవో-దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు అరికమేడులో దొరికిన వస్తువులను పరిశీలించాడు. వాటిలో మనిషి తల చెక్కిన ఒక చిన్న రత్నం ఉంది. అది రోమన్ చక్రవర్తి అగస్టస్‌దని ఆయన భావించాడు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపి, ఈ రేవుకు రోమన్ ప్రపంచంతో వర్తకం ఉండేదని నిర్ధారించాడు. లోపలికి చెక్కిన ఇలాంటి రత్నాలను రోమన్లు ఉంగరాల్లో పొదిగి ముద్ర వేయడానికి వాడేవారు. అంటే, పని చేసే మగవాడి నగ పుదుచ్చేరి తీరానికి రెండు వేల ఏళ్ళ కిందటే పరిచయమన్నమాట.

కలికితురాయి కాలం

ఇప్పుడు 18వ శతాబ్దానికి వద్దాం. పుదుచ్చేరి ఫ్రెంచివారి రాజధాని. డూప్లే గవర్నరు. ఆయనకు ప్రధాన దుబాసీ ఆనందరంగ పిళ్ళై (1709–1761). దుబాసీ అంటే ద్విభాషి, రెండు భాషలు తెలిసి ఇరుపక్షాల మధ్య వ్యవహారం నడిపేవాడు. పిళ్ళై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రాసుకున్న దినచర్య చరిత్రకారులకు గొప్ప నిధి. ఆయనకు తెలుగు కవులన్నా ఆదరమే. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి ఈయన పేరు మీదనే 'ఆనందరంగరాట్ఛందము' అని పేరు పెట్టాడు. పిళ్ళై ఇల్లు పుదుచ్చేరిలో రంగపిళ్ళై వీధిలో ఉంది.

ఆ రోజుల్లో మొగలాయి సంప్రదాయం ప్రకారం పాలకుడు తన వారిని గౌరవించాలంటే 'ఖిలత్' ఇచ్చేవాడు. అందులో పట్టుబట్టలు, కత్తి, తలపాగాకు కట్టే సర్పేచ్, కల్గీ, తుర్రా వంటివి ఉండేవి. ఆ కల్గీ, తుర్రాలే మన భాషలో 'కలికితురాయి' అయ్యాయి. ఇవాళ మనం ఏదైనా గొప్ప విజయాన్ని 'కలికితురాయి' అంటున్నామంటే, ఆ నగకు ఒకప్పుడు ఎంత విలువ ఉండేదో ఊహించండి. 1750 డిసెంబరులో నాసిర్ జంగ్ హతుడయ్యాక దక్కను సుబేదారు అయిన ముజఫర్ జంగ్ నుంచి డూప్లే బిరుదులూ జాగీరూ పొందాడు. ఆనందరంగ పిళ్ళైకి కూడా ముజఫర్ జంగ్ వల్ల మన్సబు, బిరుదు దక్కాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కలికితురాయిని ఎవరు పడితే వారు బజారులో కొనుక్కుని పెట్టుకునే వీలు లేదు. పైవాడు ఇవ్వాలి. నగ మనిషి డబ్బును కాక అతని స్థానాన్ని చెప్పేది. ఎవరు పల్లకి ఎక్కాలి, ఎవరు చెప్పులు విడవాలి అన్నవి కూడా ఇలాంటి కట్టుబాట్లే.

నల్లకోటు రాజ్యం

ఐరోపాలోనూ పరిస్థితి ఇంతే. 1789లో ఫ్రాన్స్‌లో ప్రతినిధుల సభ సమావేశమైనప్పుడు ప్రభువంశీకులు బంగారు అంచుల దుస్తులు, ఈకల టోపీలతో వచ్చారు. సామాన్యుల ప్రతినిధులు మాత్రం సాదా నల్లబట్టలే వేసుకోవాలన్నది నియమం. అదే ఏడాది విప్లవం వచ్చింది. 1793 అక్టోబరులో విప్లవ ప్రభుత్వం, ఎవరికి నచ్చిన దుస్తులు వారు ధరించవచ్చని చట్టం చేసింది.

తరవాత వందేళ్ళలో ఐరోపా మగవాళ్ళ వేషమే మారిపోయింది. జరీ, లేసు, రంగులు పోయాయి. నల్లకోటు, తెల్లచొక్కా మిగిలాయి. 1930లో ఫ్లూగెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మార్పుకు 'పురుషుల మహా పరిత్యాగం' అని పేరు పెట్టాడు. కాని నగలు పూర్తిగా పోలేదు. చిన్నవై, ఏదో ఒక పనిలో తలదాచుకున్నాయి. చొక్కా చేతులను బిగించే కఫ్‌లింకులు, గడియారపు గొలుసు, మెడగుడ్డను నిలిపే పిన్ను ఇలాంటివే. ఆ పిన్ను తలమీద ముత్యం ఉండేది. నల్లకోటు మీద వజ్రం ఆర్భాటంగా కనిపిస్తే ముత్యం హుందాగా కనిపిస్తుంది. సూది గుచ్చితే పలుచని పట్టు టైకి చిల్లు పడుతుంది కదా! అందుకే 1920ల నుంచి గుచ్చకుండా పట్టుకునే క్లిప్పు వాడుకలోకి వచ్చింది.

ఒక జత బూట్ల కేసు

ఫ్రాన్స్‌లో 1793లోనే వచ్చిన స్వేచ్ఛ ఫ్రెంచి పుదుచ్చేరికి కూడా వచ్చిందా? అంత సులువుగా రాలేదు. ఇక్కడి భారతీయులు తమ కులాచారాల ప్రకారమే నడుచుకుంటారని 1819లో ఫ్రెంచి ప్రభుత్వం ప్రకటించింది. ఇది ఒకవైపు రక్షణ, మరోవైపు కంచె.

1873లో పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది యూరోపియన్ తరహా బూట్లు, మేజోళ్ళు తొడుక్కుని పుదుచ్చేరి కోర్టులోకి వచ్చాడు. న్యాయమూర్తి అభ్యంతరం చెప్పాడు. భారతీయుడు భారతీయుడిలాగే రావాలన్నది వాదన. ఇది బూట్ల తగాదాగా కనిపించవచ్చు. కాని అసలు ప్రశ్న వేరు. చట్టం చదివి, చట్టం ముందు వాదించే మనిషి ఆ చట్టానికి సమానుడా, కాదా? పొన్నుతంబి వెనక్కి తగ్గలేదు. కేసు పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది.

1881 సెప్టెంబరు 21న ఇంకొక డిక్రీ వెలువడింది. భారతీయులెవరైనా కోరుకుంటే కులమతాలకు సంబంధించిన తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని, ఫ్రెంచి పౌరచట్టం కిందకు రావచ్చు. ఇలా వదులుకున్నవారిని 'రెనోన్సాలు' అనేవారు. వారు కొత్త ఇంటిపేర్లు పెట్టుకున్నారు. పొన్నుతంబి 'లాపోర్త్' అన్న పేరు ఎంచుకున్నాడు. ఫ్రెంచిలో దానికి 'తలుపు' అని అర్థం. మన యానాం కూడా అప్పటి ఫ్రెంచి ఇండియాలో భాగమే కాబట్టి ఈ డిక్రీ అక్కడికీ వర్తించింది.

దీంతో సమానత్వం పూర్తిగా వచ్చేసిందని అనుకోవద్దు. కులభేదాలు పోలేదు, ఎన్నికల్లో హక్కుల తగాదాలు చాలాకాలం సాగాయి. అయినా ఒక గోడకు బీట పడింది. పాలకుడు ఇస్తేనే పెట్టుకోవలసిన కలికితురాయికీ, ఇష్టమైతే కొనుక్కుని పెట్టుకునే టై పిన్నుకూ మధ్య ఉన్న దూరం అదే.

స్వాతి చినుకు కాదు

ఇక రెండో గోడ, ధర. స్వాతి కార్తెలో పడిన వానచినుకు ఆల్చిప్పలో చేరితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పేవారు. ఇసుక రేణువు వల్ల పుడుతుందని పుస్తకాల్లో చదివి ఉంటారు. నిజానికి ఇసుక వల్ల పుట్టడం చాలా అరుదు. పరాన్నజీవి వల్లనో దెబ్బ వల్లనో ఆల్చిప్ప లోపలి 'మాంటిల్' పొరలోని కణాలు కొన్ని విడివడి కండలోకి చేరతాయి. అవి అక్కడ చిన్న సంచిలా ఏర్పడి, చిప్ప లోపలివైపు మెరిసే పదార్థాన్నే గుండ్రంగా పొర మీద పొరగా పేరుస్తాయి.

ఆ పదార్థంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. అంటే మనం బోర్డు మీద రాసే సున్నపు సుద్దకు దగ్గర చుట్టమే! తేడా అమరికలో ఉంది. ముత్యంలో అది అరగొనైట్ అనే స్ఫటికాల పలకలుగా ఉంటుంది. ఒక్కొక్క పలక మందం సుమారు అర మైక్రాన్. మధ్యలో ప్రోటీను జిగురు. ఒక మిల్లీమీటరు మందంలో దాదాపు రెండు వేల పలకలన్నమాట. పలక మందం కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంత ఉండడం వల్ల పొరల నుంచి వెనక్కి వచ్చే కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి ఆ మృదువైన మెరుపునిస్తాయి.

సహజంగా మంచి ముత్యం దొరకాలంటే వందల, ఒక్కోసారి వేల చిప్పలు వెతకాలి. మన్నార్ సింధుశాఖలో, పర్షియన్ సింధుశాఖలో ఈతగాళ్ళు ఊపిరి బిగబట్టి మునిగి చిప్పలు తెచ్చేవారు. కొర్కై ప్రాంతంలో నేరస్థుల చేత ముత్యాలు తీయించేవారని 'పెరిప్లస్' చెబుతోంది. 1917లో న్యూయార్క్‌లో కార్టియే సంస్థ రెండుపేటల ముత్యాలహారాన్ని, వంద డాలర్ల నగదును ఇచ్చి ఏకంగా ఒక భవనాన్నే తీసుకుంది. ఆ హారం విలువ అప్పుడు పది లక్షల డాలర్లు. 1957లో అదే హారం వేలంలో సుమారు లక్షన్నర డాలర్లకే పోయింది.

ఈ మధ్యలో ఏం జరిగింది? 1893లో జపాన్‌లో మికిమోతో కోకిచి ఆల్చిప్పలో అర్ధగోళాకారపు ముత్యాలను పెంచాడు. తరవాత మిసె, నిషికావా అనేవారు గుండ్రటి ముత్యాన్ని పెంచే పద్ధతిని కనిపెట్టారు. చిప్పతో చేసిన చిన్న పూసను, మరో ఆల్చిప్ప మాంటిల్ ముక్కను కలిపి జీవి కండలో ఉంచడమే ఆ కిటుకు. 1920లలో ఈ ముత్యాలు ఐరోపా మార్కెట్లను ముంచెత్తాయి. ప్రపంచ ఆర్థిక మాంద్యం కూడా తోడై సహజ ముత్యాల వ్యాపారం కుప్పకూలింది. టై క్లిప్పు వ్యాప్తిలోకి వచ్చింది సరిగ్గా ఈ రోజుల్లోనే. అందుకే ముత్యం సామాన్యుడికి అందింది. అయితే దీనికి ఇంకో పార్శ్వం ఉంది. కువైట్, బహ్రెయిన్ తీరాల్లో వేలాది ఈతగాళ్ళ బతుకుతెరువు పోయింది. విజ్ఞానం ఒక చేత్తో ఇచ్చినప్పుడు, మరో చేత్తో ఎవరి నుంచి తీసుకుందో కూడా మనం అడగాలి.

మన తూత్తుకుడి తీరంలో చివరి ముత్యాల వేట 1961లో జరిగింది. 1973లో అక్కడే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కె. అలగర్‌స్వామి భారతీయ ఆల్చిప్పల్లో ముత్యాలను పెంచడంలో విజయం సాధించారు.

మీరే పరీక్షించండి

ఇంట్లో పాత టై క్లిప్పో, కఫ్‌లింకులో ఉంటే భూతద్దంతో చూడండి. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రాయండి. కాస్త గరుకుగా తగిలితే ముత్యపు పలకలున్నట్లే. నున్నగా జారితే గాజుదో ప్లాస్టిక్‌దో కావచ్చు. నకిలీ ముత్యాల కథ కూడా పాతదే. 17వ శతాబ్దంలో పారిస్‌లో జాకెన్ అనే జపమాలల తయారీదారు చేప పొలుసుల మెరుపుపూతను బోలు గాజుపూసల్లో వాడాడు. ఆ మెరుపుకు కారణం గ్వానిన్ స్ఫటికాలు. అవును, మన డీఎన్ఏలో ఉన్న గ్వానినే!

సహజమా, పెంచినదా అన్నది మాత్రం పంటికి తెలియదు. దానికి ఎక్స్‌రే కావాలి. లోపల పూస కనిపిస్తే పెంచిన ముత్యం. ఇంకొక జాగ్రత్త. వెనిగర్, నిమ్మరసం, చెమట ముత్యానికి శత్రువులు. ఆమ్లం తగిలితే కాల్షియం కార్బొనేట్ ఏమవుతుందో మీరు ప్రయోగశాలలో చూసే ఉంటారు.

పుదుచ్చేరి వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజియంలో అరికమేడు పూసలను చూడండి. ఈసారి పాత ఫొటోలో ఎవరి టై మీదనైనా తెల్లటి చుక్క కనిపిస్తే, అది ఎంత ఖరీదన్న ప్రశ్నతో ఆగిపోకండి. దాన్ని పెట్టుకునే హక్కు ఆయనకు ఎప్పుడు వచ్చింది, ఎవరు కొట్లాడితే వచ్చింది అని కూడా అడగండి.